28 అంగుళాల చక్రం మీద మన ఊళ్ళ దారులు

ఒకప్పుడు శివరాత్రి దగ్గర పడిందంటే శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట నుంచి శ్రీముఖలింగం వెళ్ళే దారి పొడుగునా సైకిలు బెల్లులే. చల్లవానిపేట, జలుమూరు మీదుగా ఇరవై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ముందు కడ్డీకి తువ్వాలు చుట్టి దాని మీద పిల్లాడు, వెనక క్యారియరు మీద ఇల్లాలు, ఆమె ఒళ్ళో కొబ్బరికాయల సంచి, హేండిలుకు వేలాడుతూ అన్నం క్యారేజీ. వంశధార గట్టున వెదురు బొంగులు కట్టి సైకిలు స్టాండు పెట్టేవారు. ఒక రేకు బిళ్ల హేండిలుకు, అదే నంబరు బిళ్ల ఇంకోటి చేతికి. చక్రతీర్థ స్నానం రోజున ఒకదానికొకటి ఆనించిన సైకిళ్ళ మధ్య మనది పోల్చుకోవడానికి సీటు కవరు రంగు, మడ్‌గార్డు చివర వేలాడే రబ్బరు ఫ్లాపు మీది బొమ్మే గుర్తు. బిళ్ల పోగొట్టుకున్నవాళ్ళు స్టాండు ఖాళీ అయ్యేదాకా అక్కడే కూర్చోవలసి వచ్చేది.

ఆ దారులు ఎక్కడికీ పోలేదు. బస్సులు, ఆటోలు, మోటారు సైకిళ్ళు వచ్చాక వాటి లెక్కలు పోయాయి. ఏ మలుపు దగ్గర గాలి ఎదురవుతుంది, ఎక్కడ ఇసుక పడి ఉంటుంది, ఏ నెలలో రోడ్డు మీద ఏ పంట ఎండబెడతారు అన్నవి సైకిలు తొక్కినవాళ్ళ నోట్లోనే ఉండేవి, కాగితం మీదికి ఎక్కలేదు. ఇప్పుడు గేర్ల సైకిళ్ళ మీద కుర్రాళ్ళు మళ్ళీ తెల్లారుజామున బయలుదేరుతున్నారు. సంతోషమే. కానీ ఎక్కువమంది హైవే పట్టుకుంటున్నారు. మన పాత ఊళ్ళు హైవే మీంచి కనబడవు. అవి ఏటి గట్లను, చెరువు గట్లను అంటిపెట్టుకుని ఉన్నాయి, సైకిలు దారులూ ఆ గట్ల వెంటే పోతాయి.

దారి సంగతికి ముందు ఆ సైకిలు సంగతి చెప్పాలి. హెర్క్యులిస్, హీరో, అట్లాస్, ర్యాలీ, ఏదైనా కొలతలు దాదాపు ఒకటే. టైరు 28 బై ఒకటిన్నర. ముందు చక్రానికి 32 చువ్వలు, వెనక చక్రానికి 40. పెడలు దగ్గరి పళ్ళచక్రానికి 48 పళ్ళు, కొన్నింటికి 44. వెనక ఇరుసు మీది పళ్ళచక్రానికి, అంటే ఫ్రీవీలుకు, 18. 48కి 18 అంటే పెడలు ఒక్క చుట్టు తిరిగేసరికి సైకిలు దాదాపు 6 మీటర్లు పోతుంది. గాలి వెనక నుంచి తోస్తుంటే, రోడ్డు చదునుగా ఉంటే ఇంతకన్నా హాయి లేదు. ఎదురుగాలిలోనూ, వంతెన ఎక్కేటప్పుడూ అదే 6 మీటర్లు మోకాళ్ళు పట్టేస్తుంది. అందుకే బరువులు మోసేవాళ్ళు, అంటే చేపల గంపలవాళ్ళు, పాలక్యాన్లవాళ్ళు, గోగునార మోపులవాళ్ళు, 18 పళ్ళది తీయించి 22 పళ్ళ ఫ్రీవీలు వేయించుకునేవారు. దానికి చైనులో ఒక లింకు కలపాలి, లేకపోతే వెనక ఇరుసు ముందుకు జరిగి టైరు మడ్‌గార్డును రాస్తుంది. ముందు ఫోర్కుకు ఇనుప ఊతం, క్యారియరుకు అదనంగా రెండు కాళ్ళు. అలా కట్టించిన సైకిలు మీద క్వింటాలు బరువు కూడా కదిలేది.

తొక్కుతుంటే ఒక కాలు కిందికి వచ్చినప్పుడల్లా 'టక్' మని చప్పుడు వస్తే అది కాటరు పిన్ను, అంటే పెడలు కడ్డీని ఇరుసుకు బిగించే మేకు. చాలామంది నట్టు బిగిస్తారు. నట్టు పిన్నును లోపలికి లాగదు, లాగబోతే మర పోతుంది. సుత్తితో పిన్నును దిగగొట్టాలి, నట్టు అది బయటికి రాకుండా చూస్తుందంతే. కొట్టేటప్పుడు అటువైపు కింద ఒక ఇనుప గొట్టమో, చెక్కముక్కో ఆనించకపోతే దెబ్బంతా లోపలి బాల్సులకు తగిలి గిన్నె మీద గుంటలు పడతాయి. రెండు పిన్నులూ ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో దూర్చాలి. రెండూ ఒకే వైపు నుంచి దూరిస్తే పెడళ్ళు తిన్నగా ఒక గీత మీద నిలబడవు, కుంటుతూ తొక్కినట్టుంటుంది. కొత్త పిన్ను వేశాక నాలుగైదు కిలోమీటర్లు తొక్కి మళ్ళీ ఒక దెబ్బ వేసి బిగిస్తే ఇక ఆ ఏడాదికి చూడక్కర్లేదు. సైకిలు షాపుల ముందు పాతటైర్ల మీద కూర్చుని ఈ పని చూడటానికే సాయంత్రాలు గడిచిపోయేవి.

అద్దె సైకిలుకు ఆ మంచి జరిగేది కాదు. వెనక మడ్‌గార్డు మీద తెల్లరంగుతో నంబరు, షాపు పేరు. తీసుకెళ్ళిన టైము నోటుబుక్కులో రాసేవారు. షాపతను ఇచ్చేముందు వెనక టైరును బొటనవేలితో నొక్కి, "సూసుకో బావూ, వాల్‌ట్యూబు కొత్తది ఏసినాను, మళ్ళీ వొచ్చి గాలి లేదనకు" అనేవాడు. ఆ వాల్‌ట్యూబే సగం ప్రయాణాలను చెడగొట్టింది. సన్నటి రబ్బరు గొట్టం, వాల్వు మీద తొడిగి ఉంటుంది. ఎండకు చిట్లుతుంది. పంక్చరు అనుకుని ట్యూబు మొత్తం బయటికి తీసేవారు. ముందు వాల్వు మీద ఉమ్ము రాసి బుడగ వస్తుందేమో చూస్తే పది నిమిషాల పని మిగులుతుంది. జేబులో అరచేతి పొడవు వాల్‌ట్యూబు ముక్క లేకుండా పెద్దవాళ్ళు ఊరు దాటేవారు కాదు.

ఇక గాలి. శ్రీకాకుళం, విజయనగరం సముద్రపు అంచు నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా పోతుంది. ఏడాదిలో ఎక్కువ భాగం గాలి కూడా ఆ గీత వెంబడే వీస్తుంది. మార్చి నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి, అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా ఈశాన్యపు గాలి. కాబట్టి ఎండాకాలంలో పూసపాటిరేగ వైపు నుంచి శ్రీకాకుళం, టెక్కలి వైపు తొక్కాలి. చలికాలంలో ఇచ్ఛాపురం వైపు నుంచి కిందికి దిగాలి. తిరుగు ప్రయాణానికి హౌరా లైను ఉండనే ఉంది. సైకిలుకు లగేజీ టిక్కెట్టు తీసి గార్డు పెట్టెలో ఎక్కించేవారు. చిన్న స్టేషన్లలో రైలు ఆగేది ఒకటి రెండు నిమిషాలే గనక పలాస, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం లాంటి పెద్ద స్టేషన్లలో ఎక్కించుకోవడం మేలు. తీరం దగ్గర ఇంకో లెక్క ఉంది. పొద్దున్నే నేల గాలి సముద్రం వైపు వీస్తుంది, పదకొండు దాటాక సముద్రపు గాలి ఊళ్ళవైపు తిరుగుతుంది. తెల్లవారకముందే సముద్రం వైపు బయలుదేరి, మధ్యాహ్నం దాటాక వెనక్కి తిరిగితే రెండు వైపులా గాలి మనదే.

ఆ లెక్కకు సరిగ్గా సరిపోయే దారి శ్రీకాకుళం నుంచి అరసవల్లి, శ్రీకూర్మం, గార, శాలిహుండం, కళింగపట్నం. తిరుగు ప్రయాణం సీఎస్‌పీ రోడ్డు మీద. మొత్తం కలిపి సుమారు 60 కిలోమీటర్లు. సీఎస్‌పీ అంటే కళింగపట్నం, శ్రీకాకుళం, పార్వతీపురం. సముద్రాన్నీ ఏజెన్సీ అంచునూ కలిపిన రోడ్డు అది.

అరసవల్లి పట్నానికి ఆనుకునే ఉంది. మార్చి రెండోవారంలోనూ, అక్టోబరు మొదట్లోనూ ఉదయపు కిరణాలు గర్భగుడిలో సూర్యనారాయణ స్వామి పాదాలను తాకే రోజుల్లో వీధులన్నీ కిక్కిరిసి ఉంటాయి. ఆ రోజుల్లో సైకిలు దిగి నడిపించుకుంటూ దాటాలి. అక్కడి నుంచి శ్రీకూర్మం దాకా రోడ్డు వరి పల్లాల మధ్య పోతుంది. గట్ల మీద తాటిచెట్లు. ఏప్రిల్, మే నెలల్లో ముంజలు, భాద్రపదంలో తాటిపండ్ల వాసన, సంక్రాంతి ముందు ఉడకబెట్టిన తేగలు. సైకిలు తొక్కేవాడికి ఏ నెల నడుస్తోందో ముక్కే చెప్పేది. శ్రీకూర్మంలో స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, అందుకే గుడికి రెండు ధ్వజస్తంభాలు. ఎదుట శ్వేతపుష్కరిణి. మెట్ల మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టిన తర్వాత గానీ ముందుకు కదలాలనిపించదు. గుడి ప్రాంగణంలోని నక్షత్ర తాబేళ్ళను చూడటానికి పిల్లలు సైకిలు కడ్డీ మీంచి ముందే దూకేసేవారు.

శాలిహుండం కొండ వంశధార దక్షిణపు ఒడ్డున ఉంది. 1919లో గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ బౌద్ధ క్షేత్రాన్ని వెలుగులోకి తెచ్చారు. వాడుక భాష కోసం, సవర భాష కోసం తిరిగిన మనిషి ఈ కొండనూ వదల్లేదు. కింద చెట్టుకు సైకిలు ఆనించి, వెనక చక్రానికి రింగు తాళం వేసి మెట్లు ఎక్కాలి. ఇటుక స్తూపాలు, చైత్యాలు, చక్రాకారంలో కట్టిన పునాది. పైన నిలబడితే ఏరు సముద్రంలో కలిసే చోటు, ఇసుక మేటలు, వాటి వెనక తెల్లటి గీతలా అలలు. బౌద్ధులు ఆ కొండ ఎందుకు ఎంచుకున్నారో వేరే చెప్పనక్కర్లేదు. కింద ఓడరేవు, పక్కన ఏటిదారి.

కళింగపట్నంలో లైటుహౌసు ఉంది, బీచి ఉంది, ఓడలు మాత్రం రావు. సముద్రానికి దగ్గరవుతున్న కొద్దీ రోడ్డు మీద ఇసుక పొర కనిపిస్తుంది. ఇసుక మీద ముందు బ్రేకు పట్టకూడదు, హేండిలు తిప్పకూడదు, తొక్కడం ఆపకూడదు. ముందే వేగం తగ్గించుకుని తిన్నగా పోనివ్వాలి. లోతుగా ఉంటే దిగి, సైకిలు ఎత్తి పట్టుకుని దాటాలి. తోస్తే తడి ఇసుక చైనుకు అంటి ఫ్రీవీలులోకి పోతుంది. తర్వాత రెండు రోజులకు 'కరకర' మంటుంది, వారానికి పట్టు వదులుతుంది, పెడలు ఉత్తగా తిరుగుతుంది. ఉప్పుగాలి ఇంకా నిదానంగా తింటుంది. చువ్వను రిమ్ముకు బిగించే నిప్పిలు దగ్గర మొదట తెల్లటి పొడి, తర్వాత తుప్పు. తీరం నుంచి వచ్చిన సాయంత్రమే మంచినీళ్ళతో కడిగి, నూనె గుడ్డతో రిమ్మూ చువ్వలూ తుడిచేవారు. కానీ రిమ్ములో బ్రేకు రబ్బరు తగిలేచోట నూనె పడకూడదు, పడితే మర్నాడు బ్రేకే ఉండదు. అలాగే వానలో ఆ కడ్డీ బ్రేకులు వెంటనే పట్టవు. తడిసిన ఉక్కు రిమ్ము మీద రబ్బరు రెండు మూడు చుట్లు నీటిని తుడిచాకే పట్టు దొరుకుతుంది. వంతెన దిగువకు వచ్చేముందే బ్రేకును మెల్లగా ఆనించి ఉంచడం అందుకే.

చువ్వ తెగితే అది దాదాపు ఎప్పుడూ వెనక చక్రానిదే, ఫ్రీవీలు వైపుదే. ఆ వైపు చువ్వలు నిటారుగా, ఎక్కువ బిగువుతో ఉంటాయి. తెగిన ముక్కను పక్క చువ్వకు చుట్టేసి, అటూ ఇటూ ఉన్న రెండు నిప్పిళ్ళను అరచుట్టు తిప్పితే ఇంటికి చేరవచ్చు. ఒకటి తెగినా పట్టించుకోకుండా తొక్కితే నెలలోగా దాని పక్కవి వరసగా తెగుతాయి.

వంశధార పడమటి గట్టు దారి ఏబీ రోడ్డు. అలికాం నుంచి బత్తిలి దాకా. సరుబుజ్జిలి, హిరమండలం, కొత్తూరు దాని మీదే. సరుబుజ్జిలి మండలంలో దంతపురం మట్టికోట. దంతవక్తృని కోట అని ఊళ్ళలో అంటారు, బుద్ధుడి దంతం వల్లే ఆ పేరు వచ్చిందని ఇంకో మాట. పక్కన వెళ్ళేవాడికి అది కోటలా కనిపించదు, పొలాల చుట్టూ పొడవాటి మట్టికట్ట అంతే. సైకిలు దిగి కట్ట ఎక్కి నడిస్తేనే ఎంత విస్తీర్ణమో తెలుస్తుంది. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ. కాలువ గట్ల మీద చెట్ల నీడ ఉంటుంది కానీ వానాకాలంలో బంకమట్టి. ఆ మట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య చేరి చక్రాన్ని బిగించేస్తుంది. పుల్లతో గీకుకుంటూ ముందుకు పోవడం కన్నా తారురోడ్డు మీదికి మళ్ళడమే తెలివి.

తూర్పు గట్టున శ్రీముఖలింగం. తూర్పు గాంగ రాజుల రాజధాని కళింగనగరం ఇదేనంటారు. ఎండాకాలంలో ఏరు సన్నగా పారుతున్నప్పుడు ఇటువాళ్ళు సైకిలు భుజాన వేసుకుని అటు దాటేవారు. ఇప్పుడు మడపాం వంతెన మీదుగా నరసన్నపేట చేరి వెళ్ళడమే నమ్మకమైన దారి. సైకిలు మీద వచ్చేవాడికి ముందుగా ఎదురయ్యేది సోమేశ్వరాలయం. ప్రాకారం హంగు లేకుండా, ఒంటరిగా, నిలువెల్లా శిల్పంతో ఉంటుంది. చాలామంది దాన్ని దాటేసి మధుకేశ్వరుడి గుడికి పోతారు. మొదట ఇక్కడ ఆగాలి. వేళ కూడా ముఖ్యం. పొద్దున్న ఏడెనిమిది గంటల ఏటవాలు ఎండలో రాతిమీది గీతలు లేచి కనిపిస్తాయి, మిట్టమధ్యాహ్నం అన్నీ చదునైపోతాయి. మధుకేశ్వరుడు ఇప్పచెట్టు మొదట్లో వెలిశాడని స్థలపురాణం. గర్భగుడిలో లింగం వెనక పెద్ద మట్టిగోలెం ఉంటుంది, దానికీ ఒక కుమ్మరి కథ ఉంది, పూజారి గారిని అడిగితే ఓపిగ్గా చెబుతారు. మూడో గుడి భీమేశ్వరం ఊళ్ళోనే.

పొందూరు దారిలో పెద్ద గుళ్ళేవీ లేవు, అయినా చాలామందికి అది ఇష్టమైన దారి. చిలకపాలెం దగ్గర హైవే వదిలి లోపలికి తిరిగితే పది కిలోమీటర్ల లోపే. దూసి, పొందూరు, సిగడాం స్టేషన్ల మధ్య రైలుకట్ట ఒక పక్కన కనిపిస్తూనే ఉంటుంది. ఊళ్ళో అరుగు మీద కూర్చుని ఆడవాళ్ళు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. ఆ ఎముకకు సూదుల్లాంటి సన్నటి పళ్ళు వరసగా ఉంటాయి. గింజకు అంటుకున్న దూదిని చిటికెడు తీసుకుని దాని మీద లాగితే చెత్తా, ముడీ పళ్ళకు చిక్కి, పోగు తిన్నగా మెరుస్తూ బయటికి వస్తుంది. ఏకులను ఎండిన అరటి దొప్పలో పెట్టుకుంటారు, చేతి చెమట తగలకుండా, గాలికి రేగకుండా. అలాంటి నూలుతో నేసిన పంచె కట్టినవాడు సైకిలు ఎక్కాలంటే చైనుకు పూర్తి కవరు ఉండి తీరాలి. సగం కవరు సైకిళ్ళకు పంచె అంచు చిక్కితే చిరుగు ఒక్కటే కాదు, నల్లటి నూనె మరక. అది ఏ చాకిరేవులోనూ వదలదు. మగ్గం గుడ్డల మూటను క్యారియరు మీద కట్టేవాళ్ళు ముందు మందపాటి గోనె, దాని మీద ప్లాస్టిక్కు కాగితం, ఆ తర్వాతే మూట. వెనక టైరు విసిరే బురద కింది నుంచి వస్తుందని వాళ్ళకు తెలుసు.

విజయనగరం వైపు దారుల తీరే వేరు. శ్రీకాకుళంలో చదును ఎక్కువ, ఇక్కడ మెట్ట, గెడ్డ (వాగు), మళ్ళీ మెట్ట. గంటస్తంభం నుంచి నెల్లిమర్ల 8 కిలోమీటర్లు. జూట్‌మిల్లు షిఫ్టు మారే వేళ రోడ్డంతా సైకిళ్ళే ఉండేవి. ఎదురెళ్ళేవాడు పక్కకు ఆగి నిలబడాల్సిందే. చంపావతి నది దాటి ఇంకో ఐదు కిలోమీటర్లకు రామతీర్థం. బోధికొండ, గురుభక్తులకొండ, దుర్గకొండ. రాముడి గుడి చుట్టూ బౌద్ధ, జైన ఆనవాళ్ళు. కొండలెక్కేవాళ్ళు సైకిలును ఊళ్ళోనే వదలాలి, అడుగున పల్లేరుకాయలు ఉంటాయి. పల్లేరుముల్లు సన్నగా, గట్టిగా ఉంటుంది. గుచ్చుకున్న వెంటనే గాలి పోదు, ముల్లే బిరడాలా పట్టి ఉంచుతుంది. మర్నాడు పొద్దున టైరు నేలకు అంటుకుని కనిపిస్తుంది. పంక్చరు అతికించాక టైరు లోపల వేలితో చుట్టూ తడిమి చూడాలి. లోపల మిగిలిన ముల్లు రెండో పంక్చరు చేస్తుంది, అందరూ సొల్యూషను మంచిది కాదంటారు. సొల్యూషను రాసి వెంటనే ముక్క పెట్టడం ఇంకో తప్పు. వేలు ఆనిస్తే తడి అంటకుండా జిగురుగా లాగాలి, అప్పుడు పెట్టి సుత్తితో నెమ్మదిగా తట్టాలి. తడి ఉండగా పెట్టింది తారురోడ్డు వేడికి జారిపోతుంది.

రామతీర్థం నుంచి కుమిలి వైపు దిగితే విజయనగరం రాజులు పూసపాటివారి పాత కోట ఊరు. 1713లో విజయనగరం కోట మొదలుపెట్టకముందు వాళ్ళ మకాం అక్కడే. పూసపాటిరేగ దాటితే చింతపల్లి లైటుహౌసు, కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలిసే చోటు. సరుగుడు తోటలు, జీడితోటలు. ఆ దారిలో సర్కారు తుమ్మ ముళ్ళు ఎక్కువ, రోడ్డు అంచుకు పోకుండా మధ్యకు తొక్కాలి.

బొబ్బిలికి హైవే మీద గజపతినగరం, రామభద్రపురం మీదుగా వెళ్ళవచ్చు. లారీలతో సహవాసం. సైకిలువాళ్ళ దారి గరివిడి, చీపురుపల్లి, రాజాం. గరివిడి దగ్గర మాంగనీసు నల్లదుమ్ము రోడ్డు పక్కన పేరుకుని ఉంటుంది. తెల్లచొక్కా సంగతి అటుంచితే, ఆ దుమ్ము నూనెతో కలిస్తే చైనుకు ఆకురాయే. ఇంటికి చేరాక కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఒక్కో లింకు రోలరు మీద ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేసి, పైది మళ్ళీ తుడిచేయాలి. నూనె ఉండాల్సింది రోలరు లోపల. కొబ్బరినూనె వేసేవాళ్ళు, చలికి అది పేరుకుని దుమ్మును పట్టుకునేది. చైను అరిగిందో లేదో స్కేలుతో తెలుస్తుంది. సరిగ్గా 12 అంగుళాలు ఉండాల్సిన 12 లింకులు 12 మీద అంగుళంలో ఎనిమిదో వంతు చూపిస్తే చైనుతో పాటు ఫ్రీవీలు కూడా మార్చాలి. చైను ఒక్కటే మారిస్తే కొత్త చైను పాత పళ్ళ మీద జారుతుంది.

రాజాం తాండ్ర పాపారాయుడి ఊరు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిన రోజున ఆయన రాజాంలో ఉన్నాడు. కబురు అంది వచ్చేసరికి అంతా అయిపోయింది. రాజాం నుంచి బొబ్బిలి దారి మీద తొక్కుతూ ఆ దూరాన్ని కాళ్ళతో కొలిస్తే ఆ ఆలస్యం ఎంత దగ్గరి ఆలస్యమో తెలుస్తుంది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనసమాను తొలిచి వీణలు చేస్తారు. లోపల పొట్టు తీస్తున్న ఉలి చప్పుడు రోడ్డు దాకా వినిపిస్తుంది.

పంటల రోడ్ల గురించి కొత్తవాళ్ళు తప్పక తెలుసుకోవాలి. వానాకాలం పోతూండగా గోగు కోసి చెరువుల్లో ఊరబెడతారు. అర కిలోమీటరు దూరం నుంచే వాసన. నార తీసి వంతెన గోడల మీద, రోడ్డు అంచున ఆరేస్తారు. తర్వాత కోతల కాలంలో వరిగడ్డి, చోళ్ళు (రాగులు), ఆపైన పెసలు, మినుములు, నువ్వులు. గడ్డి మీదుగా తొక్కితే పోచ ఒకటి చైనుతో పాటు ఫ్రీవీలులోకి పోయి చుట్టుకుంటుంది. గేర్ల సైకిలుకు ఇంకా ప్రమాదం, వెనక గేరు మార్చే చెయ్యి చక్రంలోకి లాగుకుని విరుగుతుంది. గోగునార అయితే కత్తితో కోయాల్సిందే. గింజల మీద టైరు గోళీల మీద పోయినట్టు జారుతుంది. ఆగి, దిగి, పక్కనుంచి నడిపించుకుని పోతే "ఏటి బాబూ, ఎంతదూరం ఎల్తన్నావు?" అని కళ్ళం దగ్గరి మనిషి చెంబుతో నీళ్ళిస్తాడు. ధాన్యం తొక్కుకుంటూ పోయేవాడికి ఆ నీళ్ళు దొరకవు, దొరకనక్కర్లేదు కూడా.

గేర్ల సైకిలు కొనేవాళ్ళకు ఒక్క మాట. ఈ దారులకు 28 మిల్లీమీటర్ల సన్న టైర్లు వద్దు, 32 లేదా 35 వేయించండి. 70 కిలోల మనిషికి 60 పౌండ్ల గాలి చాలు. ట్యూబుకు మోటారు సైకిలు రకం వాల్వు ఉండేలా చూసుకోండి. సన్న పొడుగు వాల్వుకు మన ఊళ్ళ పంక్చరు షాపుల్లో పంపు పట్టదు. శృంగవరపుకోట దాటి బొడ్డవర నుంచి అనంతగిరి ఘాటు ఎక్కాలంటే వెనక 32 పళ్ళు ఉండాలి. పాత 48, 18 సైకిళ్ళను అక్కడ నడిపించుకుంటూ ఎక్కేవారు. దిగేటప్పుడు బ్రేకు రబ్బర్లు కాలిన వాసన వస్తే ఆగి, చల్లారాక కదిలేవారు.

టెక్కలి, నౌపడా, ఉద్దానం దారి చివరికి ఉంచడం కావాలనే. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన చిన్న రైలు 2004లో ఆగిపోయింది. ఇప్పుడు అదే దారిన పెద్దరైలు. చిన్నరైలు రోజుల్లో లైను పక్క రోడ్డు మీద సైకిళ్ళు దాంతో పోటీ పడేవి, చాలాచోట్ల గెలిచేవి కూడా. నౌపడా ఉప్పుమడుల మధ్య గాలికి అడ్డంకే లేదు. చలికాలంలో అక్కడ ఈశాన్యపు గాలికి ఎదురు తొక్కడం దండగ. పక్కనే తేలినీలాపురంలో సెప్టెంబరు నుంచి మార్చి దాకా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్ల నిండా గూళ్ళు పెడతాయి. ఊరివాళ్ళు వాటిని ఇంటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. ఊరి పొలిమేరలో బెల్లు కొట్టకుండా దిగి నడవాలి.

పలాస దాటి వజ్రపుకొత్తూరు, మందస, బారువ, కవిటి. అదే ఉద్దానం, ఉద్యానవనం అన్న మాటే అలా మారిందంటారు. ఆ దారిలో టోపీ పెట్టుకోకుండా నడి వేసవిలో తొక్కగలిగిన రోజులున్నాయి. రెండు పక్కలా కొబ్బరి, దాని కింద జీడి, పనస, మామిడి. రోడ్డు మీద నీడ చారలు చారలుగా పడి, చక్రం కింద వరసగా వెనక్కి పోయేవి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఒక్క రాత్రిలో ఆ నీడను పడుకోబెట్టింది. కొబ్బరిమానులు వేళ్ళతో లేచి రోడ్డుకు అడ్డంగా పడ్డాయి. చాలాచోట్ల ఆకాశం తప్ప ఇంకేమీ మిగల్లేదు. తర్వాత నాటిన మొక్కలు ఇప్పుడు ఎదుగుతున్నాయి. అయినా కొబ్బరి ఎత్తు ఎదగడానికి ఏళ్ళు పట్టే చెట్టు. అందాకా ఉద్దానం దారికి పొద్దున ఐదింటికే బయలుదేరాలి, తొమ్మిదిలోగా బారువ చేరాలి. రెండు లీటర్ల నీళ్ళు వెంట ఉండాలి. దారిలో బొండాం కొట్టించుకుంటే, నీళ్ళు తాగాక కాయ చీల్చి ఇమ్మని అడగండి. లోపలి లేతమీగడ గీరుకోవడానికి చెక్కతోనే ఒక చిప్పముక్క కోసిస్తారు.